పాత పాట అంతలా ఎందుకు పట్టుకుంటుంది?

(పెద్దవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

నమస్కారం అందరికీ. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు కాబట్టి వినిపిస్తోందనుకోవాలి, లేదా నేనడిగిందే వినిపించలేదనుకోవాలి. సరే, మొదలుపెడదాం.

ముందుగా మీ అందరికీ ఒక చిన్న పని. మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ ఆలోచించకండి, ఏది ముందొస్తే అదే. పేరు బయటికి చెప్పొద్దు, పాడొద్దు. మీలో ఒకరు పాడడం మొదలెడితే ఇంకో పదిమంది అందుకుంటారు, ఇక నా మాట వినేవాళ్లుండరు. గుర్తొచ్చిందా? ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు మీ వయసెంత? సుమారుగా చాలు. పన్నెండు నుంచి పాతికేళ్ల లోపు అనుకునేవాళ్లు చేతులెత్తండి. చూశారా? ఒకసారి పక్కకి తిరిగి చూడండి. దాదాపు అందరూ ఎత్తారు. నలభై దాటాక విన్న పాట ఎవరికైనా వచ్చిందా? ఒక అక్కయ్యగారు ఎత్తారు. సంతోషం, మీరు అరుదైనవారు, చివర్లో మిమ్మల్ని అడుగుతాను.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పాను. నా పిల్లలకి, అంటే విద్యార్థులకి, జ్ఞాపకం గురించి చెప్పేటప్పుడు ఈ విషయం ఎప్పుడూ చెప్పేవాణ్ణి. యాభై, అరవై దాటినవాళ్లని కూర్చోబెట్టి మీ జీవితంలో గుర్తున్న సంగతులు చెప్పండి అంటే ఏం చెబుతారు? నిన్నటివీ మొన్నటివీ కొన్ని చెబుతారు, అది సహజం. వాటిని పక్కన పెడితే, మిగతావి జీవితమంతా సమానంగా పరుచుకుని ఉండవు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే గుట్టగా పోగుపడి ఉంటాయి. నలభై నుంచి యాభై దాకా ఏం జరిగిందో అడిగితే, ఏముంది, ఉద్యోగం చేశాను, పిల్లల్ని చదివించాను అంటారు. పదేళ్లు రెండు ముక్కల్లో అయిపోతాయి. అదే పదహారో ఏడు గురించి అడగండి! ఆ రోజు వేసుకున్న చొక్కా రంగుతో సహా చెబుతారు. పరిశోధకులు దీన్ని రకరకాలుగా, రకరకాల దేశాల్లో చూశారు, ఎక్కడ చూసినా ఆ గుట్ట కనిపిస్తూనే ఉంది.

పాటల్లో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1989లో హోల్‌బ్రుక్, షిండ్లర్ అని అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వేరు వేరు వయసుల వాళ్లకి వేరు వేరు కాలాల పాటలు వినిపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వెయ్యమన్నారు. లెక్కగడితే ఏం తేలింది? మనిషికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో ఏ పాటలు ఊరంతా మోగుతున్నాయో, ఆ పాటలే జీవితాంతం ఎక్కువ నచ్చుతాయట. అంతకు ముందువీ తరువాతవీ రెండు వైపులా తగ్గుతూ పోతాయి. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఆ వయసు అటూ ఇటూ అయింది కానీ, యవ్వనం దాటి మాత్రం బయటికి పోలేదు.

ఎందుకలా? దీనికి ఒక్క కారణం చెబితే అబద్ధం అవుతుంది. ఆ వయసులో అన్నీ మొదటిసారి. మొదటిసారి ఇల్లు వదలడం, మొదటి స్నేహం, మొదటి జీతం, మొదటి... నవ్వుతున్నారు, అది కూడా. మొదటిసారి జరిగినదాన్ని మెదడు జాగ్రత్తగా పెట్టుకుంటుంది. రెండోది, నేనెవర్ని అనే ప్రశ్న మనిషి మొదటిసారి వేసుకునేది అప్పుడే. ఆ వయసులో పాట కాలక్షేపం కాదు, జెండా. నువ్వు ఏ గాయకుడి వైపు, ఏ హీరో వైపు అని తేల్చుకుని, ఆ పక్షం కోసం పోట్లాడుకున్నవాళ్లం మనం. ఇప్పుడు ఆ పోట్లాట తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ప్రాణం మీదికి వచ్చినంత పని. మూడోది చాలామంది మరిచిపోయేది: ఆ వయసులో మనకి టైముంది. ఒక్కో పాట మాట మాట రాసుకుని, అర్థం కానిచోట మనకి తోచిన మాట పెట్టుకుని, వందసార్లు పాడుకునే తీరిక ఉంది. ముప్పై దాటాక పాట వెనక ఎక్కడో మోగుతూ ఉంటుంది, మనం ముందు ఇంకేదో పనిలో ఉంటాం. పాట మారిందా, మనం వినడం మారిందా?

ఇక్కడ నేను మీకు నచ్చని మాట ఒకటి చెప్పబోతున్నాను. ముందే చెబుతున్నా, అలగొద్దు.

ఆ రోజుల్లో పాటలే పాటలు, ఇప్పటివీ పాటలేనా అని మనమందరం అంటాం. నేనూ అంటాను, మా మనవరాలు దొరికితే మరీ గట్టిగా అంటాను. కానీ ఆ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో చూడండి. మన చిన్నప్పుడు వచ్చిన పాటలన్నీ మనకి గుర్తున్నాయా? ఏడాదికి ఎన్ని వందలు వచ్చి ఉంటాయి? అందులో పనికిమాలినవి ఎన్ని? అవన్నీ ఏమయ్యాయి? కాలం జల్లెడ పట్టింది, పొట్టు పోయింది, గింజ మిగిలింది. మనం ఆ గింజని తీసుకొచ్చి, ఇంకా జల్లెడ పట్టని ఇవాళ్టి మొత్తం మూట పక్కన పెట్టి, చూడండి ఏది బాగుందో అంటున్నాం. ఇది న్యాయమైన పోటీయేనా చెప్పండి?

ఇంకోటి. ఇప్పటి పాటల్లో మాటలే వినపడవండీ, అంతా హోరు అంటాం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఈ మధ్య చెవి పరీక్ష చేయించుకున్నారు? వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట పై స్థాయి శబ్దాలతో మొదలవుతుంది. స, శ, ఫ లాంటి హల్లుల్లో ఉండేది ఆ పై స్థాయి శబ్దమే. అచ్చులు బాగానే వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. మాట ఉన్నట్టే ఉంటుంది కానీ ఏ మాటో తెలియదు. మరి పాత పాటలో స్పష్టంగా వినిపిస్తోంది కదా అంటారు. పాత పాట మనకి కంఠస్థం! చెవి వదిలేసిన హల్లుని మెదడు పూరించి ఇస్తుంది. కొత్త పాటలో పూరించడానికి మెదడు దగ్గర సరుకు లేదు. అంటే ఆ కవి తప్పు, ఆ గాయకుడి తప్పు అని మనం తిట్టే తిట్లలో కొన్ని మన చెవులకి చెందాలి. కొన్నే సుమా. అన్నీ అనడం లేదు, వాయిద్యాల మోత కింద గొంతుని పూడ్చేసిన పాటలు నిజంగానే ఉన్నాయి, వాటిని తిట్టండి, నేనూ కలుస్తాను.

ఈ ఫిర్యాదు కొత్తది కూడా కాదు. 2,300 ఏళ్లకు పైగా వెనక్కి వెళితే, గ్రీసులో ప్లేటో ముసలితనంలో ఇదే రాశాడు. పాత కాలంలో ఏ రకం పాటకి ఆ పద్ధతి ఉండేది, కొత్తగా వచ్చినవాళ్లు అన్నీ కలగాపులగం చేశారు, వినేవాళ్లు కూడా చెడిపోయారు అని. అంతటి ప్లేటో! మనమెంత?

అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, పాత పాట గొప్పది కాదని నేను అనడం లేదు. గొప్పతనం సగం పాటలో ఉంటే, మిగతా సగం దాన్ని విన్న మన వయసులో ఉంది అంటున్నాను. ఈ మాట నాకంటే చాలా ముందు ఒకాయన చెప్పాడు, ఆ కథ చెబుతాను.

1688లో యోహానెస్ హోఫర్ అని ఒక వైద్య విద్యార్థి, స్విట్జర్లాండులో బాసెల్ విశ్వవిద్యాలయానికి ఒక సిద్ధాంత వ్యాసం ఇచ్చాడు. దేని మీద? ఇంటి మీద బెంగ మీద. ఊరు విడిచి దూరం వెళ్లినవాళ్లకి నిద్ర పట్టకపోవడం, నీరసం, దిగులు, ఇవన్నీ చూసి అదొక జబ్బు అన్నాడు. నిజంగా జబ్బు, మందివ్వాల్సిన జబ్బు. అసలు వైద్యమేమిటంటే ఇంటికి పంపించెయ్యడం. ఆ రోజుల్లో స్విస్ కుర్రాళ్లు పరాయి రాజుల దగ్గర కూలికి సైనికులుగా పనిచేసేవాళ్లు, ఈ బెంగ వాళ్లలో ఎక్కువని పేరు. తర్వాత 1768లో రూసో, జెనీవాలో పుట్టి ఫ్రెంచిలో రాసిన రచయిత, మంచి సంగీతజ్ఞుడు కూడా, తన సంగీత నిఘంటువులో ఒక విచిత్రమైన సంగతి రాశాడు. స్విస్ పశువుల కాపరులు ఆవుల్ని తోలుకొచ్చేటప్పుడు పాడే పాట ఒకటుందట. ఆ పాట సైనికుల దండులో వినిపిస్తే వాళ్లు ఏడ్చేవాళ్లట, దండు వదిలి పారిపోయేవాళ్లట, అందుకని ఆ పాట పాడితే మరణశిక్ష అని నిషేధం పెట్టారట.

అంత గొప్ప పాటా అది? రూసో ఆ స్వరాలు రాసి చూపించి, ఇదుగో పాట, దీనిలో అంత మహిమేమీ మీకు కనిపించదు అన్నాడు. పరాయివాళ్లకి అది ఏమీ చెయ్యదు. అది స్విస్ వాళ్ల మీద పనిచేసేది సంగీతంగా కాదు, గుర్తుగా. ఆ పాట వింటే వాళ్లకి వాళ్ల కొండలు, వాళ్ల యవ్వనం, అప్పటి బతుకు గుర్తొచ్చేవి, అవి ఇక లేవన్న దుఃఖం వచ్చేది. నాకు ఇందులో బాగా నచ్చిన మాట ఇంకోటుంది. ఇప్పుడు స్విస్ వాళ్ల మీద కూడా ఆ పాట అంతగా పనిచెయ్యడం లేదు, వాళ్ల జీవితమే మారిపోయింది కాబట్టి అన్నాడాయన. పాట అదే, స్వరాలూ అవే. గుర్తు చెయ్యడానికి వెనక ఉన్నది పోయింది.

రెండున్నర శతాబ్దాల కింద ఒక నిఘంటువులో రాసిన మాట! మేం ఇప్పుడు యంత్రాల్లో తల పెట్టించి కనుక్కుంటున్నదీ దాదాపు అదే.

యంత్రం సంగతి కూడా చెప్పేస్తాను, రెండు నిమిషాలు. 2009లో కాలిఫోర్నియాలో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త, కుర్రాళ్లకి వాళ్ల చిన్నప్పటి పాటలు వినిపిస్తూ మెదడు స్కాన్ తీశాడు. జ్ఞాపకం లేచిన పాటలకి నుదుటి వెనక భాగం, మధ్యలో, చురుగ్గా పనిచేసింది. మనం మన గురించి ఆలోచించుకునేటప్పుడు పనిచేసే భాగం అది. అంటే పాటతో పాటు నేను అనేవాడు లేస్తున్నాడు. ఇంకో ముచ్చట. ఒళ్లు జలదరించే పాట ప్రతివాళ్లకీ ఒకటుంటుంది కదా, 2011లో మాంట్రియల్‌లో దాని మీద పనిచేశారు. మెదడులో డోపమైన్ అని, హాయినిచ్చే రసాయనం ఒకటుంది. ఆ జలదరింపు వచ్చే క్షణంలోనే కాదు, దానికి కొంచెం ముందు, ఇదుగో వస్తోంది వస్తోంది అని మనం ఎదురుచూసే సెకన్లలో కూడా అది విడుదలవుతోందని తేలింది. మీకూ అనుభవమే. చరణం అయిపోయింది, వాయిద్యాల బిట్ నడుస్తోంది, ఇప్పుడు పల్లవి తిరిగి ఎత్తుకుంటాడని మీకు తెలుసు, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కూడా తెలుసు. ఆ తెలియడంలోనే సుఖముంది. వెయ్యిసార్లు విన్న పాట విసుగెత్తకపోవడానికి ఇదొక కారణం.

మీకు టేపు రికార్డర్ రోజులు గుర్తున్నాయి కదా? క్యాసెట్‌లో ఒక పాట అయిపోయి, తర్వాతిది మొదలయ్యే లోపు ఆ నిశ్శబ్దంలోనే మన నోట్లో తర్వాతి పాట వచ్చేసేది. ఈ రోజుకీ ఆ మొదటి పాట ఎక్కడైనా వినిపిస్తే రెండోది దానంతటదే మొదలవుతుంది లోపల, బయట వేరే పాట వచ్చినా సరే. పాటకి పాట అతుక్కుపోయింది. ఎందుకంటే మనం అలాగే విన్నాం, వరసగా, మార్చుకునే వీలు లేక. టేపు చుట్టుకుపోతే పెన్సిల్ పెట్టి తిప్పుకుంటూ విన్నాం.

వస్తువు మనం వినే తీరుని ఎంత మార్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? పాట మూడు నిమిషాలే ఎందుకుండాలి? ఎవరు పెట్టారీ లెక్క? నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డు, పది అంగుళాలది, ఒక్కో వైపు మూడు నిమిషాలే పట్టేది. కవి, సంగీత దర్శకుడు, గాయకుడు, ముగ్గురూ ఆ మూడు నిమిషాల్లోకి ఒదగాలి. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి ఒక వైపే ఇరవై నిమిషాలు దాటింది, అయినా పాట మాత్రం ఆ మూడు నాలుగు నిమిషాల అలవాటు వదల్లేదు. 1963లో క్యాసెట్ వచ్చింది, మనమే రికార్డు చేసుకునే వీలొచ్చింది. 1979లో వాక్‌మన్ వచ్చింది, పాట చెవిలోకి వెళ్లింది. అక్కడ ఒక పెద్ద మార్పు జరిగిందని నా అభిప్రాయం. అంతవరకు పాట గదిలో అందరిదీ. రేడియోలో వస్తే ఇంటిల్లిపాదీ వినాల్సిందే, ఇష్టం ఉన్నా లేకపోయినా. నాన్నకి నచ్చిన పాట మనం విన్నాం, అన్నయ్యకి నచ్చింది విన్నాం. వాక్‌మన్ నుంచి ఎవరి పాట వాళ్లదే.

దీనివల్ల ఏం పోయిందో తెలియాలంటే ఇంకో పరిశోధన చెప్పాలి. 2013లో క్రమ్‌హాన్సెల్, జుప్నిక్ అని ఇద్దరు అమెరికాలో ఇరవై ఏళ్ల పిల్లలకి 1955 నుంచి 2009 దాకా హిట్టయిన పాటలు వినిపించారు. పిల్లలకి వాళ్ల కాలం పాటలు ఎక్కువ తెలుసు, ఎక్కువ ఇష్టం, అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, వెనక్కి వెళుతుంటే ఇష్టం తగ్గుతూ తగ్గుతూ పోయి, 1980ల మొదట్లో పాటల దగ్గరికొచ్చేసరికి మళ్లీ లేచింది. అవి ఎవరి పాటలు? వాళ్ల అమ్మానాన్నల యవ్వనంలో పాటలు! ఇంకా వెనక్కి, 1960ల్లో ఇంకో చిన్న గుట్ట. అవి తాతయ్యల, అమ్మమ్మల కాలానివి కావచ్చు. అంటే ఇంట్లో మోగిన పాటలు పిల్లల్లోకి ఎక్కాయి, వాళ్లు పుట్టకముందు పాటలైనా సరే.

మనకిది కొత్త కాదు. ఘంటసాలగారు 1974 ఫిబ్రవరిలో పోయారు. ఆ తర్వాత పుట్టినవాళ్లు ఇప్పుడు యాభైల్లోకి వచ్చారు. ఆయన బతికుండగా పాడుతుంటే ఒక్కరోజు కూడా వినలేదు వాళ్లు. కానీ ఆ గొంతు వినిపిస్తే కళ్లు చెమ్మగిల్లేవాళ్లు వాళ్లలో ఎంతమంది లేరు? అది ఎవరి బెంగ? వాళ్ల నాన్నది, వాళ్ల అమ్మది. పాటతో పాటు బెంగ కూడా వారసత్వంగా వచ్చింది. ఇల్లంతా వినే పాట ఉంటేనే ఇది జరుగుతుంది. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. నా మనవరాలికి నా పాట ఎక్కాలంటే నేను ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాలి. ఆమె పాట నాకు ఎక్కాలన్నా అంతే, ఆమె ముందు తీస్తుందో నేను ముందు తియ్యాలో తేలడం లేదు, అది మా ఇంటి గొడవ.

ఫోన్ విషయంలో ఇంకో హెచ్చరిక. ఇప్పుడు ఏ పాట కావాలన్నా ఒక్క నొక్కుతో వస్తుంది. హాయిగా ఉంది, కాదనను. కానీ ఒక పాట మీ పదిహేడో ఏటిని పట్టుకొస్తోంది అంటే కారణం, ఆ పాట మధ్యలో చాలా ఏళ్లు మీ చెవిన పడకపోవడం. అది ఆ కాలానికే అంటుకుని ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు రోజూ పొద్దున నడకలో వింటే ఏమవుతుంది? కొన్నాళ్లకి అది పొద్దున నడక పాట అయిపోతుంది. ఆ పాట వినగానే మీకు వచ్చేది పదిహేడో ఏడు కాదు, పార్కు. ఒక గుర్తుకి ఎక్కువ జ్ఞాపకాలు తగిలిస్తే ఏ ఒక్కదాన్నీ గట్టిగా లాగలేదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. అందుకని నేను కొన్ని పాటలు కావాలనే వినను. దాచి పెట్టుకున్నాను. ఎక్కడైనా అనుకోకుండా వినిపిస్తే నిలబడి వింటాను, నాకై నేను పెట్టుకోను. పిచ్చి అనుకోండి, పరవాలేదు.

ఇక కన్నీళ్ల సంగతి. ఇక్కడికి రావడానికి ముందు ఒకావిడ నాతో అన్నారు. పాత పాట వింటే నాకు ఏడుపొస్తుందండీ, ఇంట్లో పిల్లలు చూసి కంగారుపడి ఆపేస్తారు, నాకేమో ఆపితేనే బాధ అని. మీలో ఎంతమందికి ఇలా జరుగుతోంది? చాలామందికే. మీ పిల్లలకి నా మాటగా చెప్పండి. ఆపొద్దు నాయనా. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సెడికిడెస్, వైల్డ్‌షుట్ అని కొందరు ఇరవై ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు. హోఫర్ జబ్బు అన్నదాన్ని వాళ్లు తిరగేసి చూశారు. మనిషికి ఒంటరితనం అనిపించినప్పుడు గతం మీదికి మనసు ఎక్కువ పోతుంది, నిజమే. కానీ పోయి వచ్చాక ఆ ఒంటరితనం తగ్గుతోంది, నాకు మనుషులున్నారు అనే భావం పెరుగుతోంది అని వాళ్ల ప్రయోగాల్లో కనిపించింది. ఆ కన్నీళ్లలో దుఃఖం ఒక్కటే ఉండదు. తీపి కూడా ఉంటుంది. అది మన పిల్లలకి ముప్పైల్లో అర్థం కాదు, అర్థం కానక్కర్లేదు కూడా, పక్కన కూర్చుంటే చాలు.

అన్ని కన్నీళ్లూ ఇలాంటివేనని మాత్రం చెప్పను. మనిషి పోయిన కొత్తలో, ఆ మనిషికి ఇష్టమైన పాట పెట్టి ఓదార్చాలని కొందరు చూస్తారు. దయచేసి పెట్టకండి. వాళ్లంతట వాళ్లు అడిగేదాకా ఆగండి, ఏళ్లు పట్టినా సరే. అలాగే పాట విని తేలికపడకుండా రోజులు రోజులుగా దిగులు పడుతూ, తిండీ నిద్రా తగ్గుతుంటే అది పాట పని కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. తేడా ఎలా తెలుస్తుంది? పాట అయ్యాక మాట్లాడాలనిపిస్తోందా, తలుపు వేసుకోవాలనిపిస్తోందా? నేను చూసే గుర్తు అదొక్కటే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తున్నాను, ఇది మన అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. మనకి పనికిరాకపోతే మన పక్కవాళ్లకి పనికొస్తుంది. మతిమరుపు జబ్బు, అల్జీమర్స్. పేర్లు పోతాయి, రోజులు పోతాయి, ఎదురుగా ఉన్న కొడుకెవరో తెలియదు. అలాంటి మనిషి పాట వినిపిస్తే అందుకుని చరణం చరణం పాడతారు. మీలో కొందరు చూసే ఉంటారు. ఎలా సాధ్యం? 2015లో జర్మనీలో లైప్‌జిగ్‌లో పరిశోధకులు, చాలాకాలంగా తెలిసిన పాటలు విన్నప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ముందు గుర్తించి, అల్జీమర్స్ రోగుల మెదళ్లలో ఆ భాగాల స్థితి ఎలా ఉందో చూశారు. మిగతా మెదడుతో పోలిస్తే ఆ భాగాలు తక్కువ దెబ్బతిన్నాయి. పాట కొంచెం సురక్షితమైన చోట ఉందన్నమాట. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లలో కూడా కొందరు, మాట్లాడలేరు గానీ పాటలోని మాటలు పాడగలరు. దాన్ని ఆధారం చేసుకుని, మాటని రాగంలో పలికించే చికిత్స ఒకటి 1973 నుంచీ ఉంది.

పాటతో జబ్బు తగ్గదు. అది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి చాలామంది ఆశ పెట్టుకుంటున్నారు. జబ్బు దాని దారిన అది నడుస్తుంది. కానీ ఒక పావుగంట ఆ మనిషి తిరిగి మన మధ్యకి వస్తారు. చూసుకుంటున్నవాళ్లకి ఆ పావుగంట ఎంత విలువైనదో, చూసుకున్నవాళ్లనడగండి.

ఎలా చెయ్యాలి? ఏదో ఒక పాతపాటల ప్లేలిస్ట్ పెట్టేసి వెళ్లిపోతే లాభం లేదు. ఆ మనిషి పుట్టిన సంవత్సరానికి పదిహేను కలపండి, పాతిక కలపండి, ఆ రెండిటి మధ్య వచ్చిన పాటలు వెతకండి. 1945లో పుట్టినవారైతే 1960 నుంచి 1970 దాకా. అక్కడ ఎక్కువ దొరుకుతాయి. టీవీ ఆపండి, మాటలు ఆపండి, ఒక్క పాటే పెట్టండి. గట్టిగా పెట్టొద్దు. ముఖం చూడండి, చేతి వేళ్లు చూడండి. పెదవి కదిలితే మీరూ అందుకోండి, తప్పు పాడినా పరవాలేదు. ముఖం ముడుచుకుంటే, చేతులు నలుపుకుంటుంటే వెంటనే ఆపెయ్యండి, ఆ పాట వెనక ఏముందో మనకి తెలియదు. ఈ పాట ఏ సినిమాలోది చెప్పు, ఎవరు పాడారు చెప్పు అని పరీక్ష మాత్రం పెట్టొద్దు. అది చాలామంది చేసే పని. పాపం, వాళ్లకి రానిదే అది.

అన్నిటికంటే తేలికైన పని ఒకటుంది, ఇవాళే చెయ్యొచ్చు. బాగున్నప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి. మీవి మీరు రాయండి, మీ ఆవిడవి, మీ ఆయనవి అడిగి రాయండి. ఇష్టమైన పాటలు, వాటి పక్కన ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో. వద్దనుకునే పాటలు కూడా రాయండి, అవి ఇంకా ముఖ్యం. నలభై ఏళ్లు కాపురం చేసిన దంపతులు ఈ జాబితా రాసుకుని ఒకళ్లకొకళ్లు చూపించుకుంటే కొంచెం గొడవలు కూడా కావచ్చు, దానికి నేను బాధ్యుణ్ణి కాను.

జ్ఞాపకం కచ్చితంగా ఉంటుందని కూడా పందెం వెయ్యకండి. నాకో స్నేహితుడున్నాడు, కాలేజీ రోజులనాటివాడు. ఇద్దరం ఒకే పాట ఒకే రోజు ఒకే చోట విన్నాం. ఆ రోజు జోరున వాన అని వాడంటాడు, మండుటెండ అని నేనంటాను. పక్కన ఎవరున్నారో కూడా ఇద్దరికీ పడదు. ఒక్క రాగం మాత్రం ఇద్దరికీ ఒకేలా గుర్తుంది. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మనం ఆ జ్ఞాపకాన్ని కొంత మళ్లీ కట్టుకుంటాం, కట్టేటప్పుడు ఇప్పటి మనసు కూడా అందులో కలుస్తుంది. అందుకని ఎవరి వాన వాళ్లని రాసుకోనివ్వండి.

ఇంతే నేను చెప్పదలుచుకున్నది. మొదట్లో నలభై దాటాక విన్న పాట అని చెయ్యెత్తిన అక్కయ్యగారూ, మీ కథ వినాలని నాకు గంట నుంచీ మనసు కొట్టుకుంటోంది, మైకు మొదట మీకే. ఆ తర్వాత వెనక వరసకి ఇవ్వండి బాబూ. ముందు వరసవాళ్లు ఎలాగూ మైకు లేకుండానే మాట్లాడతారు.